టోపోవ్యూ: మేతభూముల నీటి జాడలు వెతికేవాళ్ళకి తప్పకుండా పనికొస్తుంది

మా మేనల్లుడు నెబ్రాస్కాలో పశుపోషణ చదువుతున్నాడు. అక్కడి శాండ్‌హిల్స్ అంటే గడ్డి కప్పేసిన ఇసుక దిబ్బలు, కనుచూపుమేరా మేతే. "మరి ఆవులకి నీళ్ళెక్కడివిరా?" అంటే వాడు పంపిన లింకే ఈ టోపోవ్యూ సైటు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ వాళ్ళది. 1884 నుంచి 2006 దాకా వేసిన టోపో షీట్లు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే పటాలు, స్కాన్ చేసి పెట్టారు, పైసా తీసుకోరు.

చోటు పెట్టి సంవత్సరాల పట్టీ జరిపితే పాత షీట్లు వరసగా వస్తాయి. 1:24,000 షీటే (పటం మీద ఒక అంగుళమంటే నేల మీద 24,000 అంగుళాలు) తీసుకోండి, ఆ రెండో అంకె ఇంకా పెద్దదైన చిన్న స్కేలు షీట్లలో ఏమీ ఆనదు. జూమ్ చేస్తే ఇల్లూ రోడ్డూ లేని చోట, ఎత్తులు చూపే గోధుమరంగు గీతల మధ్య, నల్లటి చిన్న అక్షరాలతో 'విండ్‌మిల్' అని ఒక్క మాట! కాస్త దూరంలో ఇంకోటి. ఆ దిబ్బల కింద ఒగలాలా అనే పెద్ద భూగర్భ జలాశయం ఉంది, గాలిమర ఆ నీళ్ళు తోడి తొట్టిలో పోస్తుంది. రాత్రి పన్నెండు దాకా వాటిని లెక్కపెడుతూ కూర్చున్నాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచీ మనకి నీళ్ళు కాలువలో వస్తున్నాయి, వేసవిలో కాలువలు కట్టేస్తేనే గేదెలకి నీళ్ళెక్కడా అని చూసుకుంటాం. వాళ్ళకి ఏడాదంతా అదే చూపు.

షీట్ల మీద ఊదారంగులో ఉన్నవి మాత్రం తర్వాత విమానం ఫొటోలు చూసి కలిపినవి, నేల మీదికెళ్ళి సరిచూసినవి కావు.

లోపాలు రెండు. జియోటిఫ్ ఫైలు (చోటు వివరాలు కూడా కలిపిన పటం బొమ్మ) ఫోన్లో మామూలుగా తెరుచుకోదు, జేపెగ్ దించుకోండి. గుర్తులన్నిటికీ వివరం షీటు మీద ఉండదు, వేరే పట్టిక వెతుక్కోవాలి. ప్రింటు తీయించేవాళ్ళకి ఇంకో జాగ్రత్త: రాజమండ్రిలో ఒక షాపువాళ్ళు అందంగా ఉంటుందని అంచులు కోసేశారు, సర్వే చేసిన సంవత్సరం ఉండేది ఆ అంచులోనే. మళ్ళీ డబ్బు కట్టి తీయించాను.

మన గోదావరి షీట్లు ఇందులో ఉండవు. అమెరికా సైన్యం 1950ల్లో మొదలుపెట్టి వేసినవి టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ సైటులో ఉన్నాయి కానీ 1:2,50,000 స్కేలు, ఊరచెరువులు వెతకడానికి పనికిరాదు.

ప్రింటు పాకలో తగిలించాను. మా గేదెలు తోలే పెద్దాయన చాలాసేపు చూసి, "గాలాడని రోజు ఆవులేం తాగుతాయండి?" అన్నాడు. తొట్టి అందుకేనని చెప్పాను.