ఎంఎస్‌డబ్ల్యూలో చేరేవాళ్లకు: “ఫీల్డ్ వర్క్ మేమే చూసుకుంటాం” అంటే వెంటనే డబ్బు కట్టేయకండి

రెండేళ్ల కిందట మా చెల్లిని ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, చదివిద్దామని ఆంధ్రా సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఒక స్టడీ సెంటర్‌లో చేర్పించాను. ఏడాది ఫీజు 32,000 రూపాయలు. అది కాక “ఫీల్డ్ ప్లేస్‌మెంట్ చార్జీ” అని ఇంకో 12,000 తీసుకున్నారు. ఆ 44,000లో ఒక్క రూపాయి తిరిగి రాలేదు. చెల్లికి ఏడాది చదువు పోయింది. డబ్బు కంటే ఎక్కువ బాధపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది, అదీ చెప్తాను. అడ్మిషన్ల రోజులొస్తే కాశీనగర్, గుణుపూర్, పాతపట్నం వైపు నుంచి పిల్లలు మళ్లీ ఆ మెట్లెక్కుతారు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మేం ఎందుకు నమ్మామో ముందు చెప్పాలి. మాది సరిహద్దు బతుకు. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా. చెల్లి ఇంటర్ దాకా ఒడిశాలో, డిగ్రీ ఆంధ్రాలో చదివింది. సెంటర్ ఆయన మొదటి మాటే “తెలుగులో పరీక్ష రాసుకోవచ్చమ్మా” అన్నాడు. యూనివర్సిటీ వేరే రాష్ట్రానిది. క్లాసు ఆదివారాలే, మిగతా రోజుల్లో ఏదైనా ఉద్యోగం చేసుకోవచ్చు, ఫీల్డ్ వర్క్ సంగతి మాకు వదిలేయండి అన్నాడు. కుట్టుపని మీద బతికే దాన్ని, ఊరు దాటకుండా చెల్లి పీజీ అయిపోతుందంటే అంతకంటే ఏం కావాలనుకున్నాను.

ఎంఎస్‌డబ్ల్యూలో ఫీల్డ్ వర్క్ అంటే ఏమిటో అప్పుడు నాకు తెలియదు. క్లాసు పాఠంతో పాటు చాలా యూనివర్సిటీల్లో వారానికి రెండు రోజులు, అంటే 15 గంటల దాకా, విద్యార్థి ఏదో ఒక సంస్థలో పనిచేయాలి. ఆసుపత్రి కావచ్చు, పిల్లల హోమ్ కావచ్చు, పల్లెల్లో పనిచేసే స్వచ్ఛంద సంస్థ కావచ్చు. అక్కడ పని నేర్పడానికి ఆ సంస్థ మనిషి, అంటే ఏజెన్సీ సూపర్‌వైజర్ ఒకరు, కాలేజీ వైపు నుంచి ఫ్యాకల్టీ సూపర్‌వైజర్ ఒకరు ఉండాలి. వారం వారం విద్యార్థిని కూర్చోబెట్టి ఏం చూశావు, ఏం చేశావు, ఎక్కడ తడబడ్డావు అని, విద్యార్థి రాసుకొచ్చిన రికార్డు ముందు పెట్టుకుని మాట్లాడాలి. చివర్లో నెలో, నెలన్నరో బ్లాక్ ప్లేస్‌మెంట్ ఉంటుంది, అంటే రోజూ ఒకే సంస్థలో పనిచేయడం. మన దేశంలో 1936లో బొంబాయిలో టాటా వాళ్ల ట్రస్టు మొదటి సోషల్ వర్క్ స్కూలు పెట్టినప్పటి నుంచీ ఈ చదువులో ఫీల్డ్ వర్క్‌కు పెద్ద పీటే. అది లేకపోతే ఎంఎస్‌డబ్ల్యూ పేరున్న కాగితం ఒకటి మిగులుతుంది, అంతే.

చెల్లికి మొదటి సెమిస్టర్‌లో ఒక లెటర్ చేతికిచ్చి ఒక సంస్థకు పంపారు. అక్కడి మేనేజర్ చదివి, “మాతో ఎవరూ మాట్లాడలేదమ్మా, దీని మీద యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్ సీలు కూడా లేదు, పిల్లలుండే చోటికి ఇలా ఎవరినీ రానివ్వం” అన్నాడట. ఆయన తప్పేమీ లేదు. నేనైనా అదే అనేదాన్ని. సెంటర్‌కు వచ్చి అడిగితే “రేపు ఫోన్ చేస్తాంలే” అంటూ అయిదు వారాలు గడిపారు. తర్వాత ఇంకో సంస్థకు పంపారు. అక్కడ మూడు నెలలు సర్వే ఫారాలు కంప్యూటర్‌లో ఎక్కించింది. ఒక్క కుటుంబంతో మాట్లాడలేదు. సూపర్‌వైజర్ అని చెప్పిన మనిషి రెండుసార్లే కనిపించాడు.

రెండో సెమిస్టర్‌లో గుమ్మ బ్లాక్‌లో ఒక కొండ ఊరికి ఒంటరిగా పంపారు. అక్కడ ఇళ్లలో మాట్లాడేది సవర, గిరిజనుల భాష. చెల్లికి తెలుగు వచ్చు, ఒడియా వచ్చు, సవర ఒక్క ముక్క రాదు. ఈ పిల్లకు ఏ భాషలొచ్చు, ఏ ఊళ్లో ఏ భాష, సాయంత్రం వెనక్కి రావడానికి బండి ఉందా అని చూసి కుదర్చడమే కదా ప్లేస్‌మెంట్ చూసే మనిషి పని! గిడుగు రామ్మూర్తి పంతులుగారు ఈ పర్లాకిమిడిలోనే బడి పంతులుగా ఉంటూ, సవరల దగ్గర ఏళ్ల తరబడి వాళ్ల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. అలాంటి ఊళ్లో కూర్చుని, ఒక్క దుబాసీని కూడా తోడివ్వకుండా పిల్లను కొండ మీదికి పంపి అది సోషల్ వర్క్ చదువు అన్నారు. ఒక రోజు చివరి జీపు తప్పిపోయి అంగన్‌వాడీ దీదీ ఇంట్లో పడుకుంది. ఆ రాత్రి నేను పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను. సెంటర్ ఆయన ఫోన్ స్విచాఫ్.

ఆ ఊళ్లోనే ఒక చిన్న అమ్మాయి కేసు రాసింది చెల్లి. బడి మానేసింది, ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయి. అంగన్‌వాడీ దీదీ సాయంతో రెండు మూడుసార్లు మాట్లాడి, అమ్మాయి పేరు, తండ్రి పేరు, ఊరు, ఇంట్లో ఎవరు తాగుతారు, ఎవరు కొడతారు అన్నీ రికార్డులో రాసింది. అసలు పేర్లు రాయకూడదు, పొడి అక్షరమో మారు పేరో పెట్టాలి అని దానికి చెప్పినవాళ్లు లేరు. వారానికోసారి రికార్డు చూసే ఫ్యాకల్టీ ఉంటే మొదటి పేజీలోనే ఆపేవారు. సెంటర్ వాళ్లు ఏం చేశారంటే, రికార్డు శుభ్రంగా ఉందని దాన్ని జిరాక్స్ తీయించి తర్వాతి బ్యాచ్‌కు “మోడల్ రికార్డు” అని 500కు అమ్మారు. అటెండెన్స్ షీట్, ఏజెన్సీ స్టాంపు కలిపితే 2,000. ఊరికి వెళ్లకుండానే ఫీల్డ్ వర్క్ పూర్తి!

చెల్లి ఆ సంగతి తెలిసిన రోజు అన్నం తినలేదు. “అక్కా, ఆ పిల్ల నన్ను నమ్మి చెప్పింది” అని ఒకటే ఏడుపు. విచారణలో ఉన్న పిల్లల వివరాలు బయటపెట్టకూడదని 2015 బాలల న్యాయ చట్టంలో 74వ సెక్షన్ ఉంది. విచారణ ఉన్నా లేకపోయినా, మనిషి చెప్పుకున్న కష్టాన్ని బజార్లో పెట్టకూడదనేది ఈ చదువులో మొదటి పాఠం. అక్కడితో మానిపించేశాను.

తర్వాత తెలుసుకున్నవి మీకు పనికొస్తాయని చెప్తున్నాను. ఒక రాష్ట్రం చట్టంతో పెట్టిన యూనివర్సిటీ రాష్ట్రం దాటి సెంటర్లు పెట్టకూడదని 2005లో ఛత్తీస్‌గఢ్ ప్రైవేటు యూనివర్సిటీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. యూజీసీ కూడా ఎన్నోసార్లు నోటీసులిచ్చింది. దూరవిద్య సెంటర్లను ఫ్రాంచైజీకి ఇవ్వడం కూడా నిబంధనలకు విరుద్ధం. మన దగ్గర రాష్ట్రం దాటడమంటే పది నిమిషాల ఆటో ప్రయాణం, అందుకే ఈ తేడా మనకు తట్టదు. దూరవిద్య అని చెప్తే, ఆ యూనివర్సిటీకి ఆ కోర్సుకు ఆ ఏడాది అనుమతి ఉందా అని యూజీసీ దూరవిద్య బ్యూరో వెబ్‌సైట్‌లో చూడండి. 2024 నుంచి దూరవిద్యలో చేరేవాళ్లు అక్కడ తమ పేరు మీద డెబ్ ఐడీ అనే నంబరు తీసుకోవాలి (డెబ్ అంటే ఆ దూరవిద్య బ్యూరోనే). దాని ఊసెత్తకుండా డబ్బు అడిగితే లేచి వచ్చేయండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఫీల్డ్ వర్క్ గురించి విడిగా అడగాల్సిందే. పోయిన ఏడాది ఏయే సంస్థలకు పంపారో పేర్లు అడగండి. అందులో ఒకదానికి మీరే వెళ్లి, ఆ కాలేజీ నుంచి ఎవరైనా వచ్చి చూస్తారా అని కనుక్కోండి. నేను ఈ ఒక్క పని చేసుంటే 44,000 మిగిలేవి. ఏజెన్సీ సూపర్‌వైజర్ ఎవరు, ఏం చదివారు, పిల్లకు రాని భాష ఉన్న ఊరైతే తోడెవరు, రాత్రయితే ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ కాగితం మీద రాసివ్వమనండి. ఫీల్డ్ వర్క్‌కు విడిగా చార్జీ అంటే రసీదు మీద ఆ మాటే రాయించుకోండి. నా రసీదుల మీద “ఇతరములు” అని ఉంది, ఫిర్యాదు చేయబోతే అదే అడ్డొచ్చింది.

చెల్లి ఇప్పుడు బరంపురంలో రెగ్యులర్‌గా చదువుతోంది. అక్కడి మేడమ్ సెమిస్టర్ మొదలవకముందే సంస్థలకు స్వయంగా వెళ్లి మాట్లాడి వచ్చారు. ఎవరికి ఏ భాషలొచ్చు, ఎవరికి ఏ ఇబ్బంది ఉందో ముందే కాగితం మీద రాయించుకున్నారు. ప్రతి శుక్రవారం రికార్డు దిద్దుతారు. దీనికి విడిగా రూపాయి తీసుకోలేదు.

చెల్లీ నేనూ తిరిగి ఆ జిరాక్స్ కాపీలు మూడు వెనక్కి తెచ్చి కాల్చేశాం. ఇంకా ఉన్నాయని విన్నాం. గుమ్మ వైపు కొండ ఊరు, బడి మానేసిన అమ్మాయి కేసు ఉన్న రికార్డు మీ దగ్గరుంటే, దయచేసి ఇంకొకరికి ఇవ్వకండి, ఫోన్‌లో ఫొటో ఉన్నా తీసేయండి. మీరు కొన్న డబ్బు నేనిస్తాను, ఆ కాపీ నాకివ్వండి.