3జీ ఆపేశారు, మా ఇంట్లో ఫోన్లు మూగబోయాయి: మా ఆపరేటర్ సర్వీసు మీద రివ్యూ

ముందు స్టార్ల సంగతి చెప్పేస్తా. కొత్త నెట్‌వర్క్‌కి 5కి 4 ఇస్తా. పాతది ఆపేసి మమ్మల్ని కొత్తదానికి మార్చిన పద్ధతికి మాత్రం 5కి 1, ఆ ఒక్కటి కూడా స్టోర్‌లో రెండోసారి మాట్లాడిన అమ్మాయి ఓపికకి. ఆపరేటర్ పేరు రాయట్లేదు, ఏ కంపెనీ పాత నెట్‌వర్క్ ఆపినా కస్టమర్‌కి తగిలే దెబ్బలు దాదాపు ఇవే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

మా ఇంట్లో నాలుగు నంబర్లూ ఒకే ఆపరేటర్‌వి, పదేళ్ల పైనుంచి వాడుతున్నాం. 2జీ ఎప్పుడో ఆపేశారు, ఈసారి 3జీ వంతు. ఆపే ముందు మూడు మెసేజ్‌లు వచ్చాయి, మూడింట్లోనూ ఒకటే మాట, 3జీ సేవలు నిలిపేస్తున్నాం, 4జీ ఫోన్‌కి మారండి, మీ దగ్గర ఇప్పటికే 4జీ ఫోన్ ఉంటే మీరు చేయాల్సింది ఏమీ లేదు అని. ఆ చివరి ముక్క నమ్మడం వల్లే మేం దెబ్బతిన్నాం.

నాన్నది 3జీ కీప్యాడ్ ఫోన్, అది పోతుందని తెలుసు కాబట్టి ముందే 4జీ కీప్యాడ్ ఫోన్ కొన్నాం. అమ్మది స్మార్ట్‌ఫోన్, ఏడేళ్ల కిందటిది, పైన 4జీ అని స్పష్టంగా కనిపిస్తుంది, నెట్ బాగా వస్తుంది, కాబట్టి దాని గురించి ఎవరం ఆలోచించలేదు. ఆపేసిన రోజు పొద్దున లేచి చూస్తే అమ్మ ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఫుల్, వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్‌లు వస్తున్నాయి, వీడియోలు ఆడుతున్నాయి, అంతా మామూలే అనుకున్నాం.

రెండు రోజుల తర్వాత పిన్ని నాకు ఫోన్ చేసి అక్క ఫోన్ ఎందుకు ఆఫ్ చేసుకుంది, ఒంట్లో బాగానే ఉందా అని కంగారుగా అడిగింది. అమ్మ నా ఎదురుగానే కూర్చుని ఫోన్ చూస్తోంది. నా ఫోన్ నుంచి చేస్తే, మీరు కాల్ చేసిన వ్యక్తి అందుబాటులో లేరు అని వచ్చింది, ఫోన్ అమ్మ చేతిలోనే ఉంది, వెలుగుతోంది, నాలుగు గీతలు ఉన్నాయి. అమ్మ ఫోన్ నుంచి నాకు చేసి చూశాం. కాలింగ్ అని స్క్రీన్ మీద పడింది, ఒక క్షణం 4జీ గుర్తు మాయమైంది, గీతలు ఖాళీ అయ్యాయి, పది సెకన్లకి కాల్ ఎండెడ్, మళ్లీ 4జీ గుర్తు వచ్చి కూర్చుంది. నాలుగైదు సార్లు చేశాం, ప్రతిసారీ అంతే. అంటే రెండు రోజులుగా ఆ ఫోన్‌కి ఎవరు చేసినా అందలేదు, మాకు తెలిసే దారి కూడా లేదు, ఎందుకంటే మోగని ఫోన్ గురించి ఎవరికి అనుమానం వస్తుంది చెప్పండి.

ఆ గుర్తు మాయమవడంలోనే అసలు విషయం ఉంది. 4జీ అనేది పుట్టడమే డేటా కోసం పుట్టింది, మొదట్లో వచ్చిన 4జీ ఫోన్లలో నెట్ మాత్రమే 4జీ మీద నడిచేది, కాల్ వస్తే ఫోన్ కిందికి దిగి 3జీనో 2జీనో పట్టుకుని మాట్లాడించి, అయిపోయాక మళ్లీ పైకి ఎక్కేది. మనకి ఆ దిగడం ఎక్కడం కనిపించదు. 4జీ మీదే కాల్ నడవాలంటే వీవోఎల్‌టీఈ అని ఇంకోటి ఉండాలి, అందరూ వోల్టీ అంటారు కదా, అదే. ఫోన్‌లో అది ఉండాలి, సెట్టింగ్స్‌లో ఆన్‌లో ఉండాలి, పైగా ఆ మోడల్‌ని ఆ సాఫ్ట్‌వేర్‌తో ఆపరేటర్ తన నెట్‌వర్క్‌లో ఒప్పుకుని ఉండాలి. ఈ మూడోది చాలామందికి తెలియదు. ఒకే పేరుతో ఉన్న ఫోన్ ఒక దేశం కోసం తయారైంది ఒక ఆపరేటర్ దగ్గర పనిచేస్తుంది, ఇంకో దేశం కోసం తయారైంది అక్కడే పనిచేయకపోవచ్చు. అమ్మ ఫోన్ అలాంటిదే, బయటి దేశం నుంచి చుట్టాలు తెచ్చిచ్చింది. కింద దిగడానికి మెట్టు తీసేశాక ఆ ఫోన్ కాల్ కోసం దిగి, అక్కడ ఏమీ లేక తిరిగొస్తోంది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే మీ ఫోన్ 4జీయే కదండీ, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి అన్నారు. చేశాం. ఏరోప్లేన్ మోడ్ పెట్టి తీయమన్నారు, తీశాం. తర్వాత నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేయమన్నారు, దాంతో వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోయాయి తప్ప కాల్ రాలేదు. ముగ్గురితో మాట్లాడా, ఒక్కరి నోటి నుంచీ వోల్టీ అనే మాట రాలేదు. నాకు ఎక్కువ బాధేసింది ఇక్కడే, చెప్పేవాళ్లకే చెప్పలేదు కంపెనీ.

స్టోర్‌కి వెళ్తే మొదటి రోజు ఉన్న అబ్బాయి కొత్త ఫోన్ కొనండి అని షెల్ఫ్ చూపించాడు. రెండో రోజు ఉన్న అమ్మాయి మాత్రం ఫోన్ చేతిలోకి తీసుకుని స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొట్టి, వచ్చిన ఐఎంఈఐ నంబర్, అంటే ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబర్, సిస్టంలో వేసి, సార్ ఈ మోడల్ మా లిస్ట్‌లో లేదు, అప్‌డేట్ చేసినా రాదు, ఆంటీ గారికి ఫోన్ మార్చడం తప్ప దారి లేదు అని అర నిమిషంలో తేల్చేసింది. ఆ అర నిమిషం చూశాక నాకు కోపం పెరిగింది. ఐఎంఈఐలో మొదటి 8 అంకెలు చాలు ఆ ఫోన్ ఏ మోడలో తెలియడానికి, ఆ నంబర్ నెట్‌వర్క్‌కి ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది. అంతకంటే ముఖ్యం, ఈ ఫోన్ ప్రతి కాల్‌కీ 3జీకి దిగుతోందని వాళ్ల రికార్డుల్లోనే ఉంటుంది. అంటే మా అమ్మ నంబర్‌కి మెసేజ్ ఇలా పంపి ఉండొచ్చు, అమ్మా ఈ నంబర్ పెట్టుకున్న ఫోన్‌లో ఫలానా తేదీ తర్వాత కాల్స్ రావు, పోవు అని. అందరికీ ఒకటే మెసేజ్ కొట్టేశారు, అది కూడా తప్పు మెసేజ్.

కుదరదు అనడానికి లేదు, వేరేచోట చేశారు. ఆస్ట్రేలియాలో టెల్‌స్ట్రా, ఆప్టస్ 2024 అక్టోబర్ 28న 3జీ ఆపడం మొదలుపెట్టాయి, అంతకుముందే 3498 అనే నంబర్‌కి 3 అని మెసేజ్ పంపితే మీ ఫోన్ పనికొస్తుందో లేదో తిరిగి చెప్పే ఏర్పాటు పెట్టారు. అసలు అక్కడ ఇంకా ముందే ఆపాల్సింది, వాయిదా వేశారు, కారణం ఎమర్జెన్సీ కాల్స్. కొన్ని ఫోన్లు ఎలా ఉన్నాయంటే మామూలు కాల్స్ 4జీ మీదే బాగా వెళ్తాయి, ఎమర్జెన్సీ నంబర్ కొట్టినప్పుడు మాత్రం 3జీ కోసం వెతుక్కునేలా లోపల రాసిపెట్టి ఉంది. ఆలోచించండి, ఏడాదంతా మామూలుగా మాట్లాడుకున్న ఫోన్, ప్రాణం మీదికి వచ్చిన రోజు పలకదు. అందుకే అలాంటి ఫోన్లని నెట్‌వర్క్‌లోకే రానివ్వొద్దని అక్కడ ప్రభుత్వం రూల్ పెట్టింది. జపాన్‌లో సాఫ్ట్‌బ్యాంక్ 2024 జనవరి చివర్లో 3జీ ఆపేసింది కానీ, ఆ నెల మొదటి రోజే భూకంపం వచ్చిన ఇషికావా ప్రాంతంలో మాత్రం జులై చివరి దాకా నడిపింది. అక్కడ జనం కష్టంలో ఉన్నారు, ఫోన్ మార్చుకునే స్థితిలో లేరు అని గుర్తించి ఆగారు. నేను అడిగేది కూడా ఆ మాత్రం చూపే.

ఎమర్జెన్సీ సంగతి మా ఆపరేటర్‌ని అడిగితే రాతపూర్వకంగా జవాబు ఇవ్వడానికి పదకొండు రోజులు పట్టింది. ఊరికే ఎమర్జెన్సీ నంబర్‌కి కొట్టి టెస్ట్ చేయకండి, అక్కడ నిజంగా అవసరం ఉన్నవాళ్లకి లైన్ దొరకదు, ఐఎంఈఐ ఇచ్చి ఆపరేటర్‌నే అడగండి, జవాబు రాసివ్వమనండి.

ఇక నాన్న ఫోన్. ఇది ముందే మార్చాం కాబట్టి సులువు అనుకున్నా. ఆయన సిమ్ మరీ పాతకాలంది, 2జీ రోజుల్లోది, అలాంటి సిమ్‌తో 4జీకి ఎక్కడం కుదరదు, సిమ్ కూడా మార్చాలి. ఇదీ మెసేజ్‌లో లేదు. స్టోర్‌లో కొత్త సిమ్ ఇచ్చి పాతది తీసి చెత్తబుట్టలో పడేశాడు ఆ అబ్బాయి, నంబర్ అదే ఉంటుంది సార్ ఏం పోదు అన్నాడు. ఇంటికొచ్చి నాన్న ఫోన్ తెరిస్తే ఒక్క పేరు లేదు. ఆయన నంబర్లన్నీ సిమ్‌లోనే సేవ్ చేసుకునేవారు, ఆ కాలంలో అందరూ అంతే కదా. ఏరా, నా వాళ్లందరూ ఏరి అని అడిగారు, అంతే, ఇంకేం అనలేదు. పరిగెత్తుకుంటూ మళ్లీ స్టోర్‌కి వెళ్లి బుట్టలో వెతికించి తెచ్చా, అదృష్టం బాగుండి ఇంకా పారబోయలేదు. సిమ్ మార్చేముందు కాంటాక్ట్స్ ఫోన్‌లోకి ఎక్కించుకున్నారా అని ఒక్క ప్రశ్న, పక్కన ఒక కాగితం మీద రాసి అతికించినా సరిపోయేది.

ఆ కొత్త కీప్యాడ్ ఫోన్ గురించి కూడా రెండు మాటలు. బ్యాటరీ నిరాశపరిచింది, పాతది వారం వచ్చేది, ఇది రెండున్నర రోజులు. బటన్లు గట్టిగా ఉన్నాయి, నాన్న బొటనవేలికి పాత ఫోన్‌లో 5 ఎక్కడుందో చూడకుండా తెలుసు, ఆ అంకె పూర్తిగా అరిగిపోయి నున్నగా అయిపోయింది కూడా, దీంట్లో ఇంకా తడుముకుంటున్నారు. కానీ మాట మాత్రం చాలా బాగుంది. నాన్నకి కొంచెం చెవుడు. పాత పద్ధతి కాల్స్‌లో మామూలుగా 3400 హెర్ట్జ్ పైన శబ్దం కత్తిరించేస్తారు, అందుకే స, ష, ఫ లాంటి అక్షరాలు గజిబిజిగా వినిపిస్తాయి. వోల్టీలో ఇటు అటు రెండు ఫోన్లూ సరైనవైతే 7000 దాకా వస్తుంది. ఏమన్నావ్, ఏమన్నావ్ అని ప్రతి మాటకీ అడిగే మనిషి మా చెల్లితో ఇరవై నిమిషాలు ఒక్కసారి కూడా అడగకుండా మాట్లాడారు. కాల్ కలవడం కూడా నంబర్ నొక్కగానే రెండు మూడు సెకన్లలో. నెట్‌వర్క్‌కి నాలుగు స్టార్లు అందుకే ఇచ్చా. 3జీకి వాడిన స్పెక్ట్రం, అంటే సిగ్నల్ నడిచే రేడియో తరంగాల వాటా, 4జీకి ఇవ్వడం వల్ల సాయంత్రం పూట నెట్ నత్తనడక కూడా తగ్గింది, నేను రోజూ చూస్తున్నా కాబట్టి చెప్తున్నా.

నాలుగే, అయిదు కాదు, ఎందుకంటే మా వెనక గదిలో ఇదివరకు 3జీ బాగా అందేది, ఇప్పుడు 4జీ అక్కడ బలహీనం. తక్కువ ఫ్రీక్వెన్సీ గోడలు దాటి లోపలికి బాగా వస్తుంది, ఎక్కువది అంత రాదు, ఏ బ్యాండ్ (ఫ్రీక్వెన్సీల గుంపు) దేనికి పెట్టారన్నదాన్ని బట్టి ఇంట్లో మూలలు మారిపోతాయి. టవర్ బదులు ఇంట్లో వైఫై మీద కాల్స్ నడిపే వైఫై కాలింగ్ ఆన్ చేస్తే ఆ బాధ తీరింది, వైఫై ఉన్నవాళ్లకి మాత్రమే అనుకోండి.

ఇంకోటి మేం పూర్తిగా మర్చిపోయింది, తలుపు దగ్గర అలారం బాక్స్. దొంగలు పడితే ఫోన్‌కి మెసేజ్ రావాలి, దాని లోపల ఒక సిమ్ ఉంటుంది, నెట్‌వర్క్‌ని పట్టుకునే 3జీ మోడెం ఉంటుంది. మూడు వారాలకి చెల్లి పొరపాటున దాన్ని మోగించింది, మెసేజ్ రాలేదు, అప్పుడు గుర్తొచ్చింది. పచ్చలైటు మాత్రం వెలుగుతూనే ఉంది. బండ్లలో పెట్టుకునే జీపీఎస్ ట్రాకర్లు, లిఫ్ట్‌లో ఇరుక్కున్నప్పుడు నొక్కే బటన్, కార్డ్ గీకే మెషిన్లు, పెద్దవాళ్లు మెడలో వేసుకునే సహాయం బటన్లు, ఇలాంటి వాటిలో చాలా పాతవి ఇలాగే సిమ్ మీద బతుకుతాయి, వాటికి స్క్రీన్ ఉండదు కాబట్టి మెసేజ్ పంపినా చదివేవాళ్లు ఉండరు. మీ ఇంట్లో సిమ్ ఉన్న ప్రతి వస్తువూ ఒకసారి లెక్కేసుకోండి, అమ్మినవాళ్లకి ఫోన్ చేసి లోపల మోడెం ఏ జనరేషన్‌ది అని అడగండి.

పాత నెట్‌వర్క్ ఎప్పటికీ ఉంచమని నేను అనను. స్పేర్ పార్టులు దొరకవు, కరెంటు దండగ, సెక్యూరిటీ కూడా అంతంతమాత్రం, 2జీలో అయితే దొంగ టవర్ పెట్టి మోసం మెసేజ్‌లు పంపుతున్నారని ఆండ్రాయిడ్ 12 నుంచి 2జీ ఆఫ్ చేసుకునే ఆప్షన్ కూడా ఇచ్చారు. ఆపనివ్వండి. కాకపోతే ఎవరి ఫోన్ మూగబోతుందో ముందే తెలిసిన కంపెనీ ఆ ఇంటికి ఆ మాట చెప్పాలి. అమ్మ ఫోన్ మోగని ఆ రెండు రోజుల్లో ఎవరెవరు చేశారో మాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

కంప్లైంట్ పెట్టా, టికెట్ నంబర్ ఇచ్చారు, అమ్మకి ఫోన్ మార్చాం, అలారం బాక్స్ ఇంకా మార్చాలి. నాన్న పాత సిమ్ పెద్ద సైజుది, కొత్త ఫోన్‌లో పట్టదు, అందుకే దాన్ని పాత ఫోన్‌లోనే పెట్టి రోజూ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఒక్కొక్క నంబర్ చూసి కొత్తదాంట్లో కొడుతున్నాం. సిమ్‌లో పేరుకి చోటు తక్కువ కాబట్టి సగం పేర్లు మధ్యలో తెగిపోయి ఉన్నాయి, అది ఎవరో ఆయన గుర్తు తెచ్చుకుని చెప్తే నేను పూర్తిగా రాస్తున్నా. ఇద్దరు ముగ్గురు ఇప్పుడు లేరు, అయినా ఎక్కించు అంటున్నారు. నిన్నటికి ఎమ్ అక్షరం దాకా వచ్చాం.