పాత యూనిక్స్‌ల కోసం గ్నూలిబ్ సెట్‌ఎన్వ్: వాడి చూశాక

సొలారిస్ 9, హెచ్‌పీ-యూఎక్స్ 11.00 లాంటి పాత సిస్టమ్‌ల మీద ఇంకా సీ ప్రోగ్రామ్‌లు కంపైల్ చేయాల్సినవాళ్లకే ఈ రివ్యూ. గ్నూలిబ్ అంటే ఇలాంటి సిస్టమ్‌ల్లో లేని ఫంక్షన్లను అందించే గ్నూ ప్రాజెక్టు సోర్స్ కోడ్ సేకరణ. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రామ్‌కు బయటి నుంచి అందే పేరు-విలువ జతలు) విషయంలో సీ ప్రమాణంలో ఉన్నది వాటిని చదివే గెట్‌ఎన్వ్ ఒక్కటే. విలువ మార్చే సెట్‌ఎన్వ్ పోజిక్స్‌లోకి (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) 2001లో వచ్చింది. సొలారిస్ 9, హెచ్‌పీ-యూఎక్స్ 11.00 రెండింటిలోనూ అది లేదు.

విలువ మార్చడానికే ఉన్న ఇంకో ఫంక్షన్ పుట్‌ఎన్వ్‌తో సరిపెట్టుకోవచ్చు కదా అంటారు. నాకది నచ్చదు. చాలాచోట్ల అది మనమిచ్చిన స్ట్రింగ్‌ను కాపీ చేసుకోదు, ఆ పాయింటర్‌నే ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టేస్తుంది. లోకల్ బఫర్ ఇచ్చారంటే, ఫంక్షన్ ముగిశాక అక్కడ ఏముంటుందో దేవుడికే తెలియాలి. పాత బీఎస్‌డీల్లో (యూనిక్స్‌లో ఒక శాఖ) మాత్రం కాపీ చేస్తుంది, అదింకో తికమక. గ్నూలిబ్ సెట్‌ఎన్వ్ ఎక్కడైనా కాపీ చేసుకుంటుంది. మూడో ఆర్గ్యుమెంట్ సున్నా ఇస్తే పాత విలువ జోలికి పోదు.

నన్ను ఎక్కువ మెప్పించింది వేరియబుల్‌ను తీసేసే అన్‌సెట్‌ఎన్వ్. ఫ్రీబీఎస్‌డీ 6.0లో దాని రిటర్న్ టైప్ వాయిడ్, అంటే ఏ విలువా తిరిగి ఇవ్వదు. ఫలితం చూసే కోడ్ అక్కడ కంపైలే కాదు. గ్నూలిబ్ అన్నిచోట్లా ఇంట్ చేసి ఇస్తుంది. మన కోడ్‌లో ఇఫ్‌డెఫ్‌ల (సిస్టమ్‌ను బట్టి కోడ్‌ను ఎంచుకునే షరతుల) గోల తగ్గుతుంది.

చికాకులూ ఉన్నాయి. ఇది ఇన్‌స్టాల్ చేసుకునే లైబ్రరీ కాదు. సోర్స్ ఫైళ్లు మన ప్రాజెక్టులోకే వస్తాయి, ఒకటి అడిగితే దానికి కావాల్సినవన్నీ వెంటబెట్టుకుని. ఆటోకాన్ఫ్ (ప్రాజెక్టు బిల్డ్‌ను సిస్టమ్‌కు తగ్గట్టు సిద్ధం చేసే సాధనం) వాడనివాళ్లకు తలనొప్పే. థ్రెడ్‌ల టెన్షన్ కూడా తీరదు: ఒక థ్రెడ్ గెట్‌ఎన్వ్‌తో చదువుతుండగా ఇంకోటి మారిస్తే ప్రమాదమే. నేనైతే మార్పులన్నీ మెయిన్ మొదట్లోనే, థ్రెడ్‌లు పుట్టకముందే కానిచ్చేస్తాను. ఐదుకు నాలుగు స్టార్లు.