ఎక్స్‌పరెల్ ఇంజెక్షన్: పనితనం గొప్పది, ధరకు తగిన ఫలితం తక్కువ

శస్త్రచికిత్స ముగిశాక కోత చుట్టూ ఎక్కించే బుపివకైన్ అనే మత్తుమందు మామూలుగా కొన్ని గంటలే పనిచేస్తుంది. అదే మందును లైపోజోములనే అతి చిన్న కొవ్వు రేణువుల్లో నింపి నెమ్మదిగా విడుదలయ్యేలా చేసిన ఇంజెక్షనే ఎక్స్‌పరెల్. 2011లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందును ఇక్కడ మత్తు వైద్యుడిగా చాలాకాలంగా వాడుతున్నాను.

దీని నిర్మాణాన్ని ముందుగా మెచ్చుకోవాలి. ఇందులోని ప్రతి రేణువూ దానిమ్మపండును కోసినట్టు, పలుచని కొవ్వు గోడలతో వేరుపడిన అనేక చిన్న గదులుగా ఉంటుంది. ఆ గోడలు కరిగే కొద్దీ లోపలి మందు కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. మొదటినుంచీ గదుల బయట ఉండేది సుమారు 3 శాతమే కాబట్టి, రోగికి తెలివి వచ్చేసరికే నొప్పి అణగాలంటే మామూలు బుపివకైన్‌ను కూడా పరిమితికి లోబడి జోడించవలసి వస్తుంది.

వయల్‌ను ఫ్రిజ్‌లోంచి తీస్తే అడుగున తెల్లగా పేరుకుని ఉంటుంది. గట్టిగా కుదపకుండా, పాలలా ఒకే తీరుగా కలిసేదాకా నెమ్మదిగా తలకిందులు చేస్తూ ఉండాలి. 25 గేజ్ కంటే సన్నని సూది పనికిరాదు. వట్టి నీళ్లు కలిపితే రేణువులు దెబ్బతింటాయి కనుక పలుచన చేయడానికి సెలైన్ వంటి ద్రవమే వాడాలి. అదే చోట అంతకుముందు లిడొకైన్ అనే మరో మత్తుమందు ఇచ్చి ఉంటే కనీసం 20 నిమిషాలు ఆగాలి, లేకపోతే బుపివకైన్ ముందే బయటపడిపోతుంది. తర్వాతి కేసు సిద్ధంగా ఉన్నప్పుడు ఆ 20 నిమిషాలు ఎంత బరువుగా గడుస్తాయో థియేటర్‌లో పనిచేసేవారికి తెలుసు, అయినా ఆగి తీరాలి.

ఇక ఫలితం. అనుమతికి ఆధారమైన మొలల, కాలి బొటనవేలి ఆపరేషన్ల పరీక్షల్లో దీన్ని పోల్చింది మందు లేని ఇంజెక్షన్‌తోనే. బొటనవేలి పరీక్షలో 24 గంటలు దాటాక రెండింటికీ పెద్ద తేడా లేదని మందుతో వచ్చే పత్రంలోనే ఉంది. చవకైన మామూలు బుపివకైన్ కంటే చెప్పుకోదగిన మేలు కనిపించలేదని 2021లో అనెస్థీషియాలజీ పత్రిక ప్రచురించిన విశ్లేషణలు తేల్చాయి. తయారీదారు పసిరా ఆ పత్రికపైనే దావా వేయగా కోర్టు కొట్టివేసింది. శాస్త్ర చర్చను కోర్టుకు ఈడ్చడం వైద్యుడిగా నన్ను నొప్పించింది.

20 మిల్లీలీటర్ల వయల్, అంటే 266 మిల్లీగ్రాముల మందు, 300 డాలర్లు దాటుతుంది. అందుకే అందరికీ ఇవ్వను. మార్ఫిన్ వంటి ఓపియాయిడ్ నొప్పి మందులు పడనివారికి, నరం పక్కన సన్నని గొట్టం అమర్చి మందు ఎక్కించే వీలు లేనివారికి మాత్రం ఎంచుకుంటాను. ఇచ్చిన ప్రతిసారీ రోగి చేతికి గుర్తుపట్టీ కట్టి, తేదీ, సమయం నేనే రాస్తాను. మందు ఇంకా ఒంట్లో ఉండగల తర్వాతి 96 గంటల్లో వార్డులో ఎవరైనా మరో మత్తు ఇంజెక్షన్ చేతిలోకి తీసుకుంటే వారి కంట ముందుగా పడవలసింది ఆ పట్టీయే.