రామదాసు చెప్పిన లెక్క

అమ్మ మొక్కు తీర్చడానికి యాదగిరిగుట్ట, భద్రాచలం దర్శించుకుని, తిరుగు ప్రయాణంలో గోల్కొండ కోటకు వెళ్ళాము. 2022 మార్చిలో పునఃప్రారంభమైన గుట్ట ఆలయంలో కృష్ణశిల స్తంభాల చెక్కడం దగ్గరగా చూస్తే శిల్పుల ఓర్పుకు దండం పెట్టాలనిపిస్తుంది. మధ్యాహ్నానికే బయలుదేరాము కనుక అక్కడ బస అవసరం రాలేదు.

దారిలో మరో క్షేత్రంలో ఒక రాత్రి ఉన్నాము. ఆన్‌లైన్‌లో గదులన్నీ నిండిపోయినట్టు చూపించాయి. కౌంటరు పక్కన నిలబడిన మనిషి మాత్రం ఐదు వందలు అదనంగా తీసుకుని నిమిషంలో తాళంచెవి చేతిలో పెట్టాడు, రసీదులో ఆ ఐదు వందలు లేవు. స్వాగత తోరణానికి కొత్త రంగులు, శిలాఫలకంపై ప్రజాప్రతినిధుల పేర్లు మెరుస్తున్నాయి. స్నానఘట్టం దగ్గర ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదికి తలుపు లేక అమ్మకు నేనే దుప్పటి అడ్డం పట్టుకున్నాను. "దేవుడి దగ్గర లెక్కలేమిటిరా, ఊరుకో" అన్నది అమ్మ. ఆమె ఎదుట గొడవ పడలేదు గానీ, ఆ మాటకు మనసు ఒప్పుకోలేదు. కూలి చేసుకునే తల్లి కొంగుముడి విప్పి హుండీలో వేసిన నోటుకూ, ప్రభుత్వం మన పన్నుల నుంచి ఇచ్చే నిధికీ లెక్క అడగడం భక్తికి లోపం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

భద్రాచలం రోడ్ స్టేషన్ పేరు చూసి మోసపోకండి. అది కొత్తగూడెంలో ఉంది, అక్కడి నుంచి సుమారు 40 కిలోమీటర్లు బస్సులో వెళ్ళాలి. గుడికి నడిచి వెళ్ళేంత దూరంలో దొరికిన ప్రైవేటు లాడ్జి శుభ్రంగా ఉంది, వేడినీళ్ళకు ఇబ్బంది లేదు. వానాకాలంలో మాత్రం గోదావరి నీటిమట్టం తెలుసుకుని బయలుదేరండి: 43 అడుగులకే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 2022 జూలైలో నది 71 అడుగులు దాటింది.

ఎడమ తొడపై సీతమ్మను కూర్చోబెట్టుకున్న చతుర్భుజ రాముణ్ణి చూసి అమ్మ ఏడ్చింది, నాకూ కళ్ళు చెమర్చాయి. రామదాసుగా మనకు తెలిసిన పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న శిస్తు సొమ్ముతో ఈ గుడి కట్టించి, గోల్కొండలో పన్నెండేళ్ళు చెరలో ఉన్నాడని చెబుతారు. అనుమతి లేకుండా ఖర్చు పెట్టడం తప్పే కావచ్చు. అయితే సీతమ్మ చింతాకు పతకానికి ఎంత పట్టిందో, భరతుడి పచ్చల పతకానికి ఎంత పట్టిందో ఆయన కీర్తనలోనే రాముడికి లెక్క చెప్పాడు. ఆ సొమ్ముతో కట్టించిన గుడి ఇన్ని వందల ఏళ్ళ తరువాతా అందరి కళ్ళెదుటే ఉంది.

గోల్కొండలో ఆయన ఉన్న చెరసాల గదిలోకి పైకప్పు రంధ్రం నుంచి వెలుగు పడుతుంది. గోడపై ఆయన చెక్కుకున్నాడని చెప్పే సీతారామలక్ష్మణుల రూపాల ముందు అమ్మ చెప్పులు విడిచి నిలబడింది. కాసేపటికి, "ఈయనైతే లెక్క చెప్పాడురా" అన్నది.