లంబసింగి గుడారం, చింతపల్లి రసీదు

నర్సీపట్నంలో రోజుకు 3,500 రూపాయలకు కారు మాట్లాడుకుని నేను, నా భార్య, చరిత్ర మాస్టారుగా రిటైరైన మా మామగారు మంచుకు పేరుపడ్డ లంబసింగి చేరేసరికి చీకటి పడింది. ఫోనులో 1,800 అన్న గుడారానికి, తీరా వెళ్లాక శనివారం కనుక 2,600 అన్నారు. రగ్గుకు వంద, బకెట్టు వేడినీళ్లకు యాభై, చలిమంటకు 400 వేరే లెక్క. ఆ రగ్గుకు ఒక మూల ఎవరో ఒలకబోసిన కూర మరక ఎండి అట్టకట్టి ఉంది. తెల్లవారుజామున గుడారం బట్టలోంచి మంచు కారి మామగారి దిండు తడిసిపోయింది. రసీదు అడిగితే, ఈ ఏజెన్సీ కొండల్లో రసీదులేమిటండీ అని నిర్వాహకుడు నవ్వాడు. మామగారు మళ్లీ అతనితో మాట్లాడలేదు.

రగ్గులు మోసుకొచ్చిన కుర్రవాడిది ఆ ఊరే. ఆ నేల తమదేననీ, మైదాన ప్రాంతం నుంచి వచ్చిన నిర్వాహకుడు నోటిమాట మీద తీసుకున్నాడనీ చెప్పాడు. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు కనుక కాగితం పుట్టదు. రేపు తగాదా వస్తే ఆ కుర్రవాడి చేతిలోనూ ఏమీ ఉండదు.

పొద్దున మంచు బాగుంది.

చింతపల్లి దారిలో గాని మామగారు నోరు విప్పలేదు. మేము హాయిగా ఎక్కివచ్చిన ఈ దారి పనికే బ్రిటిషువారి కాలంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనం చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడట. 1882 అటవీ చట్టం వచ్చాక, అడవి నరికి కాల్చి చేసే పోడు సాగుకూ అడ్డంకులే. 1879లో కల్లు మీద వేసిన చిగురుపన్నుకు ఎదురుతిరిగి రంపలో రేగిన పితూరీని, అంటే తిరుగుబాటును, మరచిపోని ఆ కొండల్లో, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి ఠాణా మీద పడింది; మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి, మొత్తం 26 తుపాకులు. పట్టుకెళ్లిన ఆయుధాల వివరం ఠాణా పుస్తకంలో రాసి రాజు సంతకం పెట్టాడని చెబుతారు. "చూశావా, పితూరీదారుడు కూడా రసీదిచ్చాడు!" అని మామగారు మొదటిసారి నవ్వారు.

చింతపల్లిలో 350 రూపాయలకు తిన్న బొంగులో చికెన్ మాత్రం ఆ రాత్రి బాధంతా మరిపించింది. హోటలామె మసిబారిన వెదురుబొంగును కత్తితో నిలువునా చీల్చగానే, మూతిలో కుక్కిన ఆకుల వాసనతో ఆవిరి గుప్పుమంది. చుక్క నూనె లేదు. నా భార్య రెండోది చెప్పించింది.

తిరుగుదారిలో కృష్ణదేవిపేటలో రాజు, ఆయన అనుచరుడు గంటం దొరల సమాధులు చూశాము. 2022 ఏప్రిల్ 4న రాజు పేరిట జిల్లా ఏర్పడింది గాని, ఈ సమాధి అనకాపల్లి జిల్లాలో పడింది! లంబసింగి వెళ్లేవారు శనివారం తప్పించుకోండి. లేదా నర్సీపట్నంలో 900 రూపాయల లాడ్జిలో పడుకుని నాలుగింటికి బయలుదేరండి, మంచు అందుతుంది. మామగారు సమాధుల దగ్గరి బల్ల మీద కూర్చుని ఖర్చుల పుస్తకంలో లెక్క రాసుకుంటూ, గుడారం అంకె పక్కన 'రసీదు లేదు' అని ఎర్రసిరాతో రాశారు.