ఇంకు ఎండిపోయే బెంగ తీర్చిన ఫొటో ప్రింటర్: మూడేళ్ల వాడకం తర్వాత

అయిదు నెలలు తాళం వేసి ఉంచిన ఇంట్లో మూలన పడి ఉన్న ప్రింటర్‌ను తీసి, దుమ్ము తుడిచి, స్విచ్ వేయగానే మొదటి ఫొటోయే మచ్చ లేకుండా రావడం కొందరికి పెద్ద విషయంగా తోచకపోవచ్చు. అంతకుముందు ఏడేళ్లపాటు ఇంకు ప్రింటర్‌తో అవస్థ పడిన నాకు మాత్రం ఈ రిబ్బన్ ప్రింటర్ చేసిన మేళ్లన్నింటిలో అదే గొప్పది. ఈ సమీక్ష రాయడానికి కారణం కూడా అదే.

పాత యంత్రం ఫొటోలు బాగానే వేసేది, కానీ రోజూ పని చెబుతున్నంతకాలమే. మాది రాజమండ్రి. ఎండాకాలంలో నెలన్నర అమ్మాయి దగ్గర ఉండి వచ్చేసరికి, ఇంకును చిమ్మే, వెంట్రుక కన్నా సన్నగా ఉండే నాజిళ్ల మూతుల దగ్గర ఇంకు గట్టిపడిపోయేది. మామగారి సహస్రచంద్ర దర్శనం ముందురోజు రాత్రి, వచ్చినవారికి తాంబూలంతోపాటు ఇవ్వాలని ఆయన ఫొటోలు అరవై వేయబోతే, గులాబీ రంగు బొత్తిగా రాక ఆయన ముఖం పచ్చపచ్చగా, అడ్డచారలతో బయటికి వచ్చింది. ఆ నాజిళ్లుండే హెడ్‌కు క్లీనింగ్ ఆరుసార్లు చేశాను; చేసినప్పుడల్లా ఇంకు మట్టం కళ్లెదుటే దిగిపోయింది. ఏడోసారికి, వృథా ఇంకును పీల్చుకునే ప్యాడ్ నిండిపోయిందన్న హెచ్చరిక చూపి యంత్రం ఆగిపోయింది. రాత్రి పదిన్నరకు మా వీధి చివర స్టూడియో ఆయన తలుపు తట్టి, ఆయన పుణ్యమా అని తెల్లవారేలోగా పని పూర్తి చేసుకున్నాం. తర్వాత వచ్చిన మెకానిక్, "వారానికి ఒక్క కలర్ పేజీ అయినా వేస్తూ ఉండాలమ్మా" అన్నాడు. కొత్త హెడ్‌కు అతను చెప్పిన ధర దాదాపు కొత్త ప్రింటర్ ధరంత ఉంది.

మారుద్దామనుకున్నప్పుడు మొదట ఇంకు ట్యాంకు ప్రింటర్లే చూశాను. ఇంకు చవకే గాని, వాడకుండా ఉంచితే ఎండిపోయే గుణం వాటికీ ఉంటుంది. అందుకే అసలు తడి ఇంకే లేని డై సబ్లిమేషన్ రకం తీసుకున్నాను. ఇందులో రంగు ఒక పలుచని రిబ్బన్ మీద పొడిగా ఉంటుంది; వేడికి ఆ రంగు ఆవిరై కాగితం పైపొరలోకి ఇంకుతుంది. అంగుళానికి 300 చుక్కలే అని పెట్టె మీద చదివి మొదట వెనుకాడాను. అయితే ఇక్కడ ప్రతి చుక్కలోనూ రంగు గాఢతే మారుతుంది కనుక, ముఖాల మీద చర్మం గరుకుగా కాకుండా నున్నగా కనిపిస్తుంది.

దీని అసలు విలువ కిందటేడు మనవడి అన్నప్రాసన నాడు తెలిసింది. అయిదు నెలల తర్వాత ఇల్లు తెరిచిన మర్నాడే వేడుక. ప్రింటర్‌ను హాల్లో బల్ల మీద పెట్టి, ఫోన్ నుంచి మా అత్తగారి ఫొటో పంపాను. తెల్లకాగితం లోపలికి వెళ్లి వట్టి పసుపు బొమ్మతో బయటికి వచ్చింది, మళ్లీ వెనక్కి వెళ్లి ఎరుపు కలుపుకుని వచ్చింది, మూడోసారికి నీలం చేరి మనిషి పూర్తిగా కనిపించింది, నాలుగోసారి కంటికి కనిపించని పారదర్శకమైన పూత వేసుకుంది. కళ్లజోడు సవరించుకుని వంగి చూస్తున్న అత్తగారు, "ముందు పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఆ తర్వాత నన్ను చూపిస్తోందేమిటమ్మా" అని ఎంత సంబరపడ్డారో! పిల్లలంతా చుట్టూ చేరారు. ఆ రోజు యాభైకి పైగా ఫొటోలు వేశాను. మధ్యలో రిబ్బన్‌ను వేడిచేసే హెడ్ మరీ వేడెక్కి కాసేపు ఆగిందే తప్ప, ఒక్కటి కూడా చార పడలేదు. ఆ పైపూత వల్ల అక్షింతల తడిచేతులతో పట్టుకున్నా రంగు చెదరలేదు.

అప్పట్లో మా మరిదితో ఈ ఫొటోలు ఎన్నటికీ చెక్కుచెదరవని చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. కిటికీకి ఎదురుగా ఫ్రిజ్ మీద అంటించిన ఫొటో రెండేళ్లకు బాగా వెలిసింది. పాత ఆల్బం ప్లాస్టిక్ కవర్లకు అతుక్కుని ఉన్న రెండు ఫొటోల రంగు ఆ ప్లాస్టిక్‌కు అంటుకుంది. ఇప్పుడు కాగితపు పేజీల ఆల్బంలోనే పెడుతున్నాను. కాగితం మీద నలుసు ఉంటే అక్కడ తెల్లచుక్క మిగిలిపోతుంది. ఒకసారి ఎరుపు పడుతుండగా కరెంటు పోయి ఆ కాగితమూ, రిబ్బన్‌లో ఆ భాగమూ పాడయ్యాయి. అప్పటినుంచి ఇన్వర్టర్ ప్లగ్గుకే పెడుతున్నాను. ఫోన్ ఫొటో కొలత వేరు, ఈ కాగితం కొలత వేరు కావడం వల్ల, సరిచూసుకోకుండా పంపితే గ్రూపు ఫొటోలో నిలుచున్నవారి తలలు, కూర్చున్నవారి పాదాలు కోసుకుపోతాయి. ఇంకొక సంగతి: అయిపోయిన రిబ్బన్ మీద మనం వేసిన ప్రతి ఫొటో నీడ స్పష్టంగా మిగిలి ఉంటుంది, కనుక దాన్ని ముక్కలు చేశాకే చెత్తలో వేస్తాను.

ఖర్చు కూడా తక్కువేమీ కాదు. నాకు ఒక్కో ఫొటోకు పాతిక రూపాయల దాకా పడుతోంది, స్టూడియోలో అయితే అందులో సగం కూడా కాదు. బొమ్మలో రంగు ఎంత తక్కువగా ఉన్నా రిబ్బన్ ఖర్చు అంతే. నేను నెలల తరబడి ఏమీ వేయను, వేస్తే ఒక్కరోజే నలభై యాభై వేస్తాను, అవి కూడా పోస్టుకార్డు సైజువే. అందుకే నాకు ఇది కుదిరింది. స్కూలు పిల్లలుండి ప్రాజెక్టు పనులకు వారం వారం రంగు పేజీలు వేసే ఇంట్లో ఇంకు ట్యాంకు ప్రింటరే నయమనిపిస్తుంది, ఎందుకంటే రోజూ వాడేచోట అది ఎండిపోదు, ఈ యంత్రం మీద నోటుపుస్తకం సైజు పేజీ కూడా రాదు. మామగారి ఫొటో గోడకు పెద్దదిగా కట్టించాలనుకున్నప్పుడు మేము మళ్లీ ఆ స్టూడియో ఆయన దగ్గరికే వెళ్లాం.